చివరి బండి

ముందు బండి కూర్మారావుది.
వెయ్యేళ్ళ సంగతులు అతని నాలిక మీద ఉంటాయి.
నాది చివరి బండి.
పెట్టెలో రెండు ట్యూబులు, నాలుగు క్లచ్ కేబుళ్ళు,
స్పానర్లు, అర లీటరు ఆయిలు,
ఎవరికైనా కళ్ళు తిరిగితే ఒక బెల్లం అచ్చు.

ఇజీనగరం కోట గుమ్మం ముందు
తొమ్మిది బండ్లు ఒక్కసారి అందుకుంటే
గోడల్లోంచి పావురాలు లేచి, ఒక చుట్టు తిరిగి,
మళ్ళీ అవే బొరియల్లోకి పోయాయి.
కూర్మారావు రాజుల వరస చెబుతున్నాడు.
నేను పూణే డాక్టరమ్మ బండి గొలుసు బిగిస్తున్నాను.

నేనెప్పుడూ కథ అయిపోయాకే చేరతాను.
బొబ్బిలి వెళ్ళేసరికి యుద్ధం ముగిసిపోయింది.
హెల్మెట్లు చంకన పెట్టుకుని
అందరూ నేలకేసి చూస్తున్నారు.
ఎవరు గెలిచారని అడగబుద్ధి కాలేదు.

ఊరవతల ఒక ముసలాయన
వీణ కడుపులోకి చెయ్యి దూర్చి
పనసచెక్క పొట్టు తీస్తున్నాడు,
కార్బురేటర్ విప్పేటప్పుడు నాకు మల్లే
ఊపిరి బిగబట్టి.
ఆయన నా చేతులకేసి చూశాడు,
నేను ఆయన చేతులకేసి చూశాను.
నాకు బొబ్బిలంటే అంతే.

పాలకొండ దాటాక దారి మెలికలు పడుతుంది.
పోడు కాలిన వాసన.
రోడ్డు వార అనాసకాయల గుట్ట వెనక
నిద్రపోతున్న సవర పిల్లోడు.
ఎనిమిది బండ్ల దుమ్మూ నేనే తింటాను గానీ
నా అద్దంలో మాత్రం ఎవరూ ఉండరు.
ఒక్కోసారి ఆ ఖాళీని చూసుకుంటూనే
పది మైళ్ళు పోతాను.

సీతంపేట ఇంకా రాలేదు,
మలుపులో డాక్టరమ్మ క్లచ్ కేబుల్ తెగింది.
ముందువాళ్ళ చప్పుడుని కొండ మింగేసింది.
"ఎంతసేపు?"
"పది నిమిషాలమ్మా."
స్పానరు తిప్పుతుంటే పైనుంచి
కట్టెల మోపు దించి ఒకామె పరుగున వచ్చింది,
పెదాల మీద వేలు.
"ఇంజిను ముట్టీకు. ఏనుగులు దిగతన్నాయి."
గాలి పీల్చి నా పెట్టెకేసి చూసింది.
"బెల్లమా?
ఓలమ్మ! బేగి తినీయండి!"

అచ్చు మూడు ముక్కలు చేసింది.
కల్వర్టు గోడ వెనక ముగ్గురం
గొంతు పట్టినా మాట్లాడకుండా నమిలాం.
డాక్టరమ్మ చేతులు కూడా నాకేసింది.

మొదట వెదురు విరిగిన చప్పుడు.
తర్వాత చప్పుడే లేదు.
అంత బరువు అంత మెత్తగా నడుస్తుందని
ఎవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు.
నాలుగు పెద్దవి, ఒక గున్న.
తారు మీద కాలు పెట్టే ముందు
ముందరిది కాస్త ఆగింది,
క్లచ్ పట్టినట్టు.
గున్న మా బండి సీటు తడిమి,
కారిన ఆయిలు చుక్క వాసన చూసి,
తొండం విదిలించి, తల్లి కాళ్ళ కిందికి పోయింది.
నా గుండె ఎన్నో గేరులో ఉందో తెలీలేదు.

అవి లోయలోకి దిగిపోయాక
ఆమె మోపు ఎత్తుకుంటూ అడిగింది:
"ఇంత దూరం ఏటి సూద్దారనొచ్చారు?"
డాక్టరమ్మకి తెలుగు రాదు.
తెలిసిన నేను
కేబుల్ కొస వెతుక్కుంటున్నట్టు తల దించుకున్నాను.

ఇంజిన్ ముట్టించకుండా
రెండు బండ్లూ వాలు పొడవునా దొర్లించుకు దిగాం.
చెవుల్లో గాలి, టైర్ల కింద గులకరాళ్ళు.
ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగి నవ్వింది,
పళ్ళ మధ్య బెల్లం.

శాలిహుండం మెట్ల దగ్గరికి చేరేసరికి
పొద్దు వంశధారలో కరుగుతోంది.
కొండ మీది ఇటుకల గుండ్రాల్ని చూసి
అందరూ దిగి వచ్చేస్తున్నారు.
"ఏటి తవిటయ్యా, మళ్ళీ అంతా అయిపోయాకొచ్చావు!"
అన్నాడు కూర్మారావు.
"కేబుల్ తెగింది," అన్నాను.
డాక్టరమ్మ ఔనన్నట్టు తలూపి
చేతి తొడుగులు విప్పుకుంది.

రాత్రి కళింగపట్నంలో
దీపస్తంభం వెలుగు వచ్చి పోతూ ఉంటే
లెక్క చూసుకుందామని పెట్టె తెరిచాను.
ట్యూబులు రెండు, కేబుళ్ళు మూడు.
పదమూడో నంబరు స్పానరు నిండా
చీమలు.